కింది అర

చీరల షోరూంలో పొద్దున అందరికంటే ముందు లేచేది దుమ్ము. షట్టర్ సగం పైకి వెళ్లగానే మెట్రో స్తంభాల సందుల్లోంచి ఎండ వంగి లోపలికి వస్తుంది. ఆ వెలుగులో నిన్నటి నూలు పొడి కాసేపు తేలి, మెల్లగా మళ్లీ చీరల మీదే వాలుతుంది. విజయరాణి ఆ వెలుగు గీత దగ్గర చెప్పులు విడిచి లోపలికి అడుగు పెడుతుంది. రాత్రి షట్టర్ కిందికి దిగేదాకా ఆమె పాదాల కింద గ్రానైటే.

అమీర్‌పేట చౌరస్తా నుంచి పంజాగుట్ట వైపు నడిచేవాళ్లకు హంసవల్లి సారీస్ అద్దాల ముఖంతో ఎదురవుతుంది. కింద నేత చీరలు, మొదటి అంతస్తులో పట్టు, ఆ పైన ఫాల్, పీకో కుట్టే గది. చీరంటే లక్ష్మి కాబట్టి పనివాళ్లు చెప్పులు వేసుకోకూడదని గోడ మీద రాసి ఉంది. కూర్చోకూడదని మాత్రం ఎక్కడా రాసి లేదు. రాయవలసిన అవసరం రాలేదు. కౌంటర్‌కు అవతల కొనేవాళ్ల కోసం మెత్తటి కుర్చీలున్నాయి. ఇవతల, అమ్మేవాళ్ల వైపు, నిలబడేంత జాగా మాత్రం ఉంది.

విజయరాణి పుట్టింది సిద్దిపేటలో, మగ్గం ఉన్న ఇంట్లో. తండ్రి రాజనర్సయ్య గొల్లభామ చీరలు నేసేవాడు. చీర అంచులో తల మీద చల్లకుండతో వరసగా నడిచే ఆ చిన్న చిన్న భామలను ఒక్కొక్క పోగు లేపి పుట్టించేవాడు. కాళ్లు గుంటలో, నడుము నేల మట్టానికి, కళ్లు పడుగు మీద. తండ్రిని తలుచుకుంటే ఆమెకు కూర్చున్న మనిషే గుర్తొస్తాడు. ఆయన కూర్చునే పని చేశాడు, కూర్చునే చాయ్ తాగాడు, కూర్చునే పిల్లలను తిట్టాడు. గుంటలో వేలాడే పాదాలు మాత్రం పొద్దస్తమానం కదులుతూనే ఉండేవి. పక్కన రాట్నం దగ్గర కూర్చుని కండెలు చుట్టే విజయరాణికి అవి నీళ్లలో ఈదుతున్నట్టు కనిపించేవి.

జాకెట్లు కుట్టే సురేందర్‌ను పెళ్లి చేసుకుని ఆమె బల్కంపేట వచ్చింది. కొన్నాళ్లకు భిక్షపతి దుకాణంలో పనికి కుదిరింది. భిక్షపతి కూడా నేతవాళ్ల ఇంటి మనిషే. జనగామ వైపు నుంచి చీరల మూట భుజాన వేసుకుని వచ్చి, ఇల్లిల్లూ తిరిగి, అమీర్‌పేట గల్లీలో చిన్న దుకాణం పెట్టాడు. అందులో గోడ నుంచి గోడకు పరుపు, దాని మీద తెల్లటి దుప్పటి. అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ అందరూ దాని మీదే కూర్చునేవాళ్లు. విజయరాణి చీర మడతను రెండు వేళ్లతో పట్టి విసిరితే, అది గాలి మింగి, కొంగు వెళ్లి కొనేవాళ్ల ఒడిలో పడేది. ఒడిలో పడ్డ చీరను తీసి పక్కన పెట్టడానికి ఆడవాళ్లకు మనసొప్పదని ఆమెకు ఆ పరుపు మీదే తెలిసింది.

గల్లీ దుకాణం రోడ్డు మీదికొచ్చి మూడంతస్తులైంది. పరుపు పోయింది. నడుము ఎత్తు కౌంటర్లు వచ్చాయి, కెమెరాలు వచ్చాయి, ఓంప్రకాష్ అనే సూపర్‌వైజర్ వచ్చాడు. కూర్చుని ఉన్న పనివాళ్లను చూస్తే గిరాకీ లేని కొట్టనుకుంటారని ఎవరో చెప్పారు. అప్పటి నుంచి నిలబడటమే పని.

నిలబడలేనివాళ్లు దారులు వెతుక్కున్నారు. ఒక కాలి మీద బరువు వేసి రెండో కాలు కొంగలా పైకి తీసేవాళ్లు. కెమెరాకు వీపు ఉన్నప్పుడు కౌంటర్ అంచుకు నడుము ఆనించేవాళ్లు. బాత్‌రూంలో బకెట్ బోర్లించుకుని కూర్చునేవాళ్లు కూడా ఉన్నారు. కాని అక్కడ ఎక్కువసేపుంటే ఓంప్రకాష్ తలుపు కొడతాడు. అన్నిటికంటే మంచి దారి కనిపెట్టింది విజయరాణి.

గోడ పొడుగునా చీరల అరలున్నాయి. నేలను ఆనుకుని ఉన్న ఆఖరి అరలోంచి చీర తీయాలంటే మోకాళ్లు మడిచి గొంతుక్కూర్చోవాలి. అలా కూర్చున్నవాళ్లు కౌంటర్ చాటున పడతారు, కెమెరాకు కూడా పని చేస్తున్నట్టే కనిపిస్తారు. కాళ్లు లాగినప్పుడు ఆమె ఏ చీర అడిగినవాళ్లతోనైనా, "మీకు నప్పేది కింద ఉన్నదమ్మా, జర ఆగుండ్రి," అని కిందికి దిగిపోయేది. మెల్లగా వెతికేది. కొన్ని చీరలు తీసి, వాటిని మళ్లీ సర్ది, ఇంకొన్ని తీసేది. ఆ కాసేపు పిక్కల్లో పోటు దిగిపోయేది.

మిగతావాళ్లూ నేర్చుకున్నారు. ఒకసారి కొనడానికొచ్చిన ఒకావిడ కౌంటర్ దగ్గర మనిషి జాడ కనిపించక, "ఎవరూ లేరా అండీ ఇక్కడ?" అని గట్టిగా అడిగితే, చెరువులోంచి తాబేళ్లలా మూడు తలలు ఒకేసారి పైకి లేచాయి.

చూపించింది అమ్ముడవుతుంది. కింది అర చీరలు మిగతా అరల కంటే ఎక్కువ పోవడం క్యాష్ కౌంటర్ దగ్గర కూర్చునే భిక్షపతి కంట పడింది. రోజూ బోణీ కూడా చాలావరకు అందులోంచే అవుతోంది. ఆయన వాస్తు చూసే మనిషిని పిలిపించాడు. ఆ మనిషి దిక్సూచి తిప్పి, నేల మీద చెయ్యి పెట్టి, నైరుతి బరువు అక్కడ సరిగ్గా పడిందన్నాడు. అప్పటి నుంచి కొత్త సరుకు ఏది వచ్చినా ముందు కింది అరలోకే వెళ్లేది. శుక్రవారాలు భిక్షపతి స్వయంగా వంగి ఆ అరకు పసుపు, కుంకుమ పెట్టి, రెండు చామంతులు ఉంచేవాడు.

"బరకత్ అంత భూమాత దగ్గర్నే ఉంటది బిడ్డా," అనేవాడు.

"అవును పెద్దసారూ," అనేది విజయరాణి. పక్క కౌంటర్ మంజూష నోట్లో కొంగు కుక్కుకుని అటు తిరిగిపోయేది. మంజూష పాతికేళ్ల పిల్ల. ఆమెకు నవ్వు ఆగదు.

కిందటి దసరా రద్దీ తర్వాత విజయరాణి కాళ్లకు కింది అర కూడా చాలలేదు. పిక్కల మీద నరాలు నీలంగా మెలి తిరిగి పైకి తేలాయి. చీలమండల దగ్గర చర్మం నల్లబడింది. ఈఎస్‌ఐ ఆసుపత్రి డాక్టర్ నొక్కి చూసి, బిగుతు మేజోళ్లు రాసిచ్చాడు.

"నిలబడే పని తగ్గించాలమ్మా. మధ్యమధ్య కూర్చోవాలి. ఇలాగే ఉంటే పుండు పడుతుంది."

"కూసునే జాగ లేదు సార్."

"అయితే అడగండి," అన్నాడు డాక్టర్, తర్వాతి చీటీ అందుకుంటూ.

ఆ రాత్రి సురేందర్ ఆమె కాళ్ల కింద దిండు పెట్టాడు. "కూసోని కూసోని నా నడుం పోయింది. నిలవడి నిలవడి నీ కాళ్లు పోయినయి. ఇద్దర్ని కలిపి కుడితే ఒక మంచి మనిషి తయారైతడు."

"కొలతలు తీసుకో మరి," అంది విజయరాణి.

అడగవలసినవాడు ఓంప్రకాష్. ఆమె ఈడువాడే. డాక్టర్ చీటీ చదివి, మడిచి, తిరిగి ఇచ్చాడు. "పైన ఫాల్ కుట్టే రూముల కుర్చీలున్నయక్కా. అండ్లకు పో. కూసునే పనే కదా."

విజయరాణికి ప్రమోద గుర్తొచ్చింది. మంజూష రాకముందు పక్క కౌంటర్‌లో ఉండే ఆమెను కూడా మోకాళ్ల నొప్పులప్పుడు ఇలాగే పైకి పంపారు. కొన్నాళ్లు బాగానే ఉంది. తర్వాత ఫాల్ పని బయట కుట్టేవాళ్లకు ఇవ్వడం మొదలై, పైన మనుషులు తగ్గుతూ వచ్చారు. ప్రమోద ఒక రోజు రావడం మానేసింది. పైకి వెళ్లినవాళ్లెవరూ మళ్లీ కిందికి దిగి చీర పట్టలేదు. ఆ గదికి కిటికీ కూడా లేదు. ఇన్నేళ్లుగా చీరలు అమ్మిన చేతులకు అక్కడ దొరికేది చీర వెనకవైపు అడుగు అంచు.

"నాకు కిందనే బాగుంది అన్నా," అంది.

"కాళ్లు బాగలేవంటివి గదా."

"కాళ్లే బాగలేవు. కౌంటర్ బాగనే ఉన్నది."

దేశమంతటా కొత్త కార్మిక చట్టాలు అమల్లోకి వచ్చింది ఆ చలికాలం మొదట్లోనే. పేపర్లో వచ్చింది, ఫోన్లలో వచ్చింది. షోరూంలో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. భిక్షపతి కొడుకు మాత్రం ఎందుకైనా మంచిదని ఒక కన్సల్టెంట్‌ను పిలిచాడు. ఆమె పేరు హరిణి, రాజమండ్రి వైపు మనిషి. ఒక ఉదయం ల్యాప్‌టాప్ సంచీతో వచ్చి, చెప్పులు ఎక్కడ విడవాలని అడిగి మరీ విడిచి, మూడంతస్తులూ తిరిగింది. కింది అంతస్తులో అందరినీ కౌంటర్ల దగ్గరే నిలబెట్టి మాట్లాడింది.

"ఇకనుంచి అందరికీ అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వాలండీ. నలభై దాటినవాళ్లకు ఏడాదికోసారి ఉచితంగా ఆరోగ్య పరీక్షలు చేయించాలి." తర్వాత ఆమె కౌంటర్ ఇవతలికి వచ్చి చూసింది. "ఇదేంటి, మీరు ఎక్కడ కూర్చుంటారు?"

మంజూష కింది అర వైపు చూసి వెంటనే తల తిప్పుకుంది.

"పదిమంది, అంతకు మించి పనిచేసే చోట, నిలబడి పని చేయాల్సినవాళ్లందరికీ కూర్చునే ఏర్పాటు యజమానే చేయాలండీ. కొత్త చట్టంలో ఉంది. ఫ్యాక్టరీలకు ఈ మాట ఎప్పటి నుంచో ఉంది, ఇప్పుడు షాపుల దాకా వచ్చింది."

"కూసుంటే తిడితే?" అడిగింది విజయరాణి.

హరిణి సంచీ భుజం మార్చుకుంది. "ఏర్పాటు చేయించేదాకా నేను రాయగలనండీ. స్టూళ్లు వచ్చాయా లేదా అని చూడగలను. వాటి మీద కూర్చోవాల్సింది మాత్రం మీరే కదా."

వారంలో స్టూళ్లు వచ్చాయి. కౌంటర్‌కు ఒకటి, ఓంప్రకాష్‌కు ఒకటి. ఎత్తువి, ఇనుప కాళ్లవి, ఎర్రటి మెత్తలవి. ప్లాస్టిక్ తొడుగు తీయకుండానే వాటిని కౌంటర్ల వెనక వరసగా పెట్టారు. హరిణి ఫోన్లో ఫొటోలు తీసుకుని వెళ్లింది. ఇక కూర్చోవచ్చన్న ఆశతో ఆ రాత్రి విజయరాణి నడకే మారింది. అది చూసి సురేందర్ ఏమైందని అడిగాడు. ఏమీ లేదంది, కాని దిండు తనే సర్దుకుని, చాలా రోజుల తర్వాత వెంటనే నిద్రపోయింది.

మర్నాడు భిక్షపతి అందరినీ పిలిచాడు. "చట్టం ఒచ్చింది, కాదనను. కాని బోణీ గాకముందు కూసునుడు మన ఖాందాన్లనే లేదు. గిరాకీ ఇంక రాకముందే కూసుంటే లచ్చిమి ఇంకేం లోపటికొస్తది? బోణీ అయినంక కూసోండ్రి. నేనేమన్న అంటున్ననా?"

మామూలు రోజుల్లో అదేమంత పెద్ద షరతు కాదు. తలుపులు తెరిచిన కాసేపటికే ఎవరో ఒకరు ఏదో ఒకటి కొంటారు. కాని ఆ ఏడు శుక్ర మూఢం పట్టుకుంది. మార్గశిరంలో మొదలై మాఘం చివరిదాకా పెళ్లి ముహూర్తం ఒక్కటీ లేదు. పెళ్లిళ్లు లేకపోతే అమీర్‌పేటలో చీరల కొట్లు నీళ్లు లేని ఏరులా ఉంటాయి. మెట్రో దిగిన జనమంతా మైత్రీవనం కోచింగ్ సెంటర్ల వైపు పోతారు, టిఫిన్ బండ్ల దగ్గర ఆగుతారు, షోరూం అద్దంలో జుట్టు సర్దుకుని సాగిపోతారు. బోణీ మధ్యాహ్నం దాటితే గాని కావడం లేదు. ఒక్కోరోజు సాయంత్రం దీపాలు పెట్టాక అవుతోంది.

అప్పటిదాకా స్టూళ్లు ఊరికే ఉంటున్నాయి. వాటి మీద మడతలు వేయాల్సిన చీరలు పెట్టారు. అప్పుడప్పుడు వచ్చినవాళ్ల పిల్లలు ఎక్కి కూర్చుని కాళ్లాడించారు. గిరాకీ లేదు కనుక కిందికి వంగి చీర తీయడానికి కూడా సాకు దొరకలేదు. చట్టం వచ్చి, స్టూలు వచ్చి, విజయరాణి మునుపటి కంటే ఎక్కువసేపు నిలబడింది.

మంజూష ఒక ఉపాయం చేసింది. పొద్దున్నే తనే ఒక జాకెట్ ముక్క కొని బిల్లు చేయించింది. "బోణీ అయింది పెద్దసారూ! ఇగ కూసోవచ్చా?"

భిక్షపతి ఆ ముక్కను రెండు వేళ్లతో ఎత్తి చూశాడు. "ఇంట్లోళ్లు చేసేదాన్ని బోణీ అంటరా? గట్లయితే రోజూ నా బనీన్లు నేనే కొనుక్కుంట."

జనవరి ఆఖరుకు విజయరాణి మేజోడు తీస్తే చీలమండ మీద చర్మం చెమ్మగా ఉంది. ఆమె నడక చూసి ఓంప్రకాష్ ఆగాడు. ఈసారి గొంతు తగ్గించి చెప్పాడు. "పెద్దసారు చెప్పిండక్కా. ఒకటో తారీకు నుంచి నువ్వు పైకి పోవాలె. నీ మంచికే. నాకు మాత్రం మంచిగనిపిస్తుందా చెప్పు."

ఒకటో తారీకు ఆదివారం. ఆ ముందు మంగళవారం ఆమె ఎప్పటిలాగే వెలుగు గీత దగ్గర చెప్పులు విడిచింది. మధ్యాహ్నమైంది. అద్దం అవతల బస్సులు, ఆటోలు, ఒక హోర్డింగు మీంచి జారుతున్న ఎండ. బోణీ కాలేదు. ఆమె తన స్టూలు మీది చీరలు తీసి కౌంటర్ మీద పెట్టింది. ప్లాస్టిక్ తొడుగు చివర పట్టుకుని లాగింది. అది చర్రున చిరిగింది. ఆ చప్పుడుకు అంతస్తంతా తిరిగి చూసింది. ఆమె కూర్చుంది.

"అక్కా," అన్నాడు ఓంప్రకాష్ అవతలి కౌంటర్ దగ్గర నుంచే. "బోణీ గాలె."

"తెలుసన్నా."

అప్పుడే తలుపు తెరుచుకుని ఒకావిడ లోపలికి వచ్చింది. చేతిలో టిఫిన్ క్యారియర్, చంకలో గొడుగు. ఓంప్రకాష్ విజయరాణి వైపు కళ్లతో లే, లే అన్నాడు. ఆమె కూర్చునే, "రండమ్మా, ఏం చూపియ్యాలె?" అంది.

"ఏమీ లేదండీ, ఊరికే చూద్దామని. మా అబ్బాయికి క్లాసు ఇంకా వదల్లేదు. ఎండలో నిలబడలేక వచ్చాను."

"కూసోండ్రి మరి."

ఆవిడ కూర్చుంది. ఇద్దరూ కాసేపు మాట్లాడుకున్నారు. విజయరాణి చేతికందిన నారాయణపేట చీర విప్పి చూపించింది. ఆవిడ అంచు తడిమి, బాగుందని చెప్పి, ఫోన్ మోగగానే లేచి, "వదిలేశారంట, వెళ్తానండీ," అని వెళ్లిపోయింది.

తలుపు మూసుకోకముందే ఓంప్రకాష్ కౌంటర్ దగ్గరికి వచ్చాడు. "చూసినవా? వచ్చిన లచ్చిమి తిరిగిపాయె. నువ్వు కూసున్నవు కాబట్టే పోయింది."

"ఆమె కొడుకు క్లాసు అయిపోయిందని పోయిందన్నా. నేను నిలవడితే ఆ క్లాసు సారు ఇంకో గంట సదువు చెప్తుండెనా?"

మంజూష పకాలున నవ్వింది. ఆ నవ్వుకు క్యాష్ కౌంటర్ దగ్గర భిక్షపతి లేచాడు. మెల్లగా వచ్చి కౌంటర్ ముందు నిలబడ్డాడు. గల్లీ దుకాణం పరుపు మీద వాళ్లిద్దరి కళ్లూ ఒకే ఎత్తులో ఉండేవి. షోరూం వచ్చాక ఇద్దరూ నిలబడే మాట్లాడుకునేవాళ్లు. ఇవాళ ఆమె తలెత్తి ఆయనను చూసింది. లేవాలని ఉంది. కాళ్లు లేవలేదు.

"ఏంది విజయా, ఇది?"

"డాక్టర్ కూసోమన్నడు పెద్దసారూ. చట్టం సుత కూసోమన్నది. స్టూలు మీరే ఇచ్చిండ్రు."

"బోణీ అయినంక అన్న గదా. నీకు తెల్వదా? గల్లీల పరుపేసిన కాడికెళ్లి నువ్వు నా దుకాణం చూసినవు. నువ్వే గిట్ల జేస్తే పొల్లగాండ్లు ఇంటరా? కాళ్లు బాగలేవు, పైకి పొమ్మంటి. అండ్ల తప్పేమున్నది?"

"పైకి పోతే ప్రమోద లెక్క పోతా. కౌంటర్ ఇడువను." ఆమె కౌంటర్ అంచు రెండు చేతులా పట్టుకుంది. "పెద్దసారూ, ఒకటి అడుగుత. మనకు రోజూ బోణీ ఏ అరలకెళ్లి అయితది?"

"కింది అరలకెళ్లి. ఆ సంగతి ఎవనికి తెల్వదు?"

"అండ్లకెళ్లి చీర ఎట్ల తీస్తం?"

భిక్షపతి కింది అర వైపు చూశాడు. శుక్రవారం పెట్టిన చామంతులు వాడి అక్కడే ఉన్నాయి.

"కూసోని తీస్తం," అంది విజయరాణి. "కాళ్లు గుంజినప్పుడల్ల కింది అర చూపిస్తం. ఎర్రది అడిగినా కిందనే, పచ్చది అడిగినా కిందనే. పైన మంచి చీర ఉన్నా కిందిదే చూపిస్తం. అండ్ల వాస్తు లేదు, గీస్తు లేదు పెద్దసారూ. మా కాళ్లున్నయి. ఇన్నేండ్ల సంది మీకు బోణీ మేం కూసునే చేసినం."

భిక్షపతి మంజూష వైపు చూశాడు. మంజూష ఈసారి నవ్వలేదు, తలూపింది. ఆయన ఓంప్రకాష్ వైపు తిరిగాడు.

"నీకు తెల్సారా?"

ఓంప్రకాష్ తన పాదాల వైపు చూసుకున్నాడు. అతనివీ ఉత్త పాదాలే, మడమలు పగిలి ఉన్నాయి. "జర జర తెల్సు పెద్దసారూ. అప్పుడప్పుడు... స్టాక్ చూస్తున్న అని నేను సుత కూసుంట."

ఎవరో కిసుక్కుమన్నారు. భిక్షపతి కౌంటర్ చుట్టూ తిరిగి ఇవతలికి వచ్చాడు. ఆయన ఈ వైపు రావడం శుక్రవారాలు తప్ప ఎప్పుడూ లేదు. కింది అర ముందు మెల్లగా గొంతుక్కూర్చున్నాడు. అక్కడి నుంచి కౌంటర్ చెక్క తప్ప ఏమీ కనిపించదు. కెమెరా కనిపించదు, తలుపు కనిపించదు. ఆయన వాడిన చామంతిని వేలితో తోశాడు. లేవబోతే మోకాలు లేవనివ్వలేదు. ఓంప్రకాష్ రెండు చేతులా పట్టి లేపి, దగ్గర్లో ఉన్న మంజూష స్టూలు మీద కూర్చోబెట్టాడు. ప్లాస్టిక్ తొడుగు కరకరమంది.

"గీ అరకు పసుపు కుంకుమ పెట్టిన గదరా," అన్నాడు భిక్షపతి, ఎవరితోనో కాదు. కొంచెంసేపు మోకాలు రుద్దుకున్నాడు. "గల్లీ దుకాణంల పరుపు మీద మంచిగుండె. ఎవడన్నడో నిలవడాలని."

"ఒకటో తారీకు నేను యాడికి రావాలె పెద్దసారూ?" అడిగింది విజయరాణి. అదొక్కటే ఆమెకు తెలియాలి.

భిక్షపతి స్టూలు మీంచి అంతస్తునంతా చూశాడు. బోణీ లేని కౌంటర్లు, ఒక కాలి మీద నిలబడ్డ మనుషులు. "యాడికొస్తవు? నీ కౌంటర్ గిదే గదా." లేచి రెండడుగులు వేసి, మళ్లీ తిరిగాడు. "గిరాకీ వస్తే లేవాలె మరి."

"చీర పరవాలంటే లేవకుండ ఎట్ల పెద్దసారూ? లేస్తం. ఊరికే మాత్రం మేం నిలవడం."

ఆయన క్యాష్ కౌంటర్ దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు. కొద్దిసేపటికి మంజూష తన స్టూలు తొడుగు చింపింది. ఆ తర్వాత ఇంకొకరు. ఆ చర్రు చర్రుమనే చప్పుడు కౌంటర్ వెంట ఒక్కొక్కటిగా సాగింది. ఓంప్రకాష్ స్టూలు తొడుగు మాత్రం అలాగే ఉంది.

ఆ రోజు బోణీ సాయంత్రం అయింది, అన్నిటికంటే పై అరలోంచి. దాన్ని తీయడానికి మంజూష నిచ్చెన ఎక్కవలసి వచ్చింది.

కింది అర చీరలు ఆ తర్వాత పెద్దగా కదల్లేదు. కూర్చోవడానికి స్టూలు ఉన్నాక అక్కడికి వంగే పని ఎవరికీ లేకపోయింది. భిక్షపతి కొత్త సరుకును నడుము ఎత్తు అరల్లోకి మార్పించాడు. "మీరు కూసున్నరు, అది పండుకున్నది," అని అప్పుడప్పుడు దెప్పుతాడు. పువ్వులు మానేశాడు. కుంకుమ బొట్టు మాత్రం చెరపలేదు.

మాఘం వెళ్లి మూఢం విడిచింది. పెళ్లిళ్ల గుంపులు ఒక్కసారిగా వచ్చి పడ్డాయి. గంటల తరబడి ఒక్కసారి కూర్చునే తీరికైనా దొరకడం లేదు. విజయరాణి చీలమండ పూర్తిగా మానలేదు, పుండు మాత్రం పడలేదు. సురేందర్ జాకెట్ల మిగులు ముక్కలతో ఆమె స్టూలుకు ఒక గలేబు కుట్టాడు. "ఇగ నీ నడుం సుత పోతది, అప్పుడు ఇద్దరం సమానం," అన్నాడు.

గుంపుకూ గుంపుకూ మధ్య ఖాళీ దొరికితే ఆమె ఆ గలేబు మీదికి ఎక్కి కూర్చుంటుంది. స్టూలు కాస్త ఎత్తు. పాదాలు నేలకు ఆనవు. చేతులు చీర మడతలు వేస్తుంటే, కౌంటర్ చాటున ఆ రెండు పాదాలు గాలిలో మెల్లగా కదులుతుంటాయి, సిద్దిపేట ఇంట్లో గుంటలో కదిలిన పాదాల్లాగే.